గాజుల్లేని చెయ్యి

మొన్న మా పాత క్లబ్బువాళ్ళు కారు పంపించి నన్ను పిలిపించుకున్నారు. హైదరాబాదులో నేను ఉద్యోగం చేసిన క్లబ్బే అది. కొత్తగా బంతులు విసిరే యంత్రం తెచ్చారట, దానికి నా చేత కొబ్బరికాయ కొట్టించాలట. జీవితమంతా నేను చేసిన పని కూడా బంతులు అందించడమే కాబట్టి నేనే తగినదాన్నని అనుకున్నారేమో. కొట్టాను. తర్వాత కుర్చీ వేస్తే కూర్చుని చూశాను. నీలం రంగు డబ్బా, దానికొక గొట్టం. టక్కుమని ఒక బంతి, కాసేపాగి టక్కుమని ఇంకో బంతి. అన్నీ ఒకే ఎత్తున, ఒకే చోట పడుతున్నాయి. దానికి మోకాళ్ళ నొప్పులు లేవు, మధ్యలో టీ అడగదు, నాలాగా సణగదు. అక్కడ పిల్లలకు ఆట నేర్పే స్వాతి అనే అమ్మాయి నా పక్కన చేరి, "అమ్మమ్మా, ఇంతమందికి బంతులు అందించారు కదా, మీకెవరు అందించారు?" అని అడిగింది. "ఎవరూ లేరమ్మా" అన్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఆ మాట నిజం కాదని తోచింది. అప్పటినుంచీ మనసు వనపర్తి వైపే పోతోంది, ఎంత లాగినా వెనక్కి రావడం లేదు.

నేను టెన్నిస్ ఆడి బతికినదాన్ని. కప్పులు గెలిచి పేపర్లలో ఫొటోలు వేయించుకున్న రకాన్ని కాదు. ఆ రోజుల్లో ఆటకు జీతం పుచ్చుకునేవాళ్ళను మార్కర్ అనేవారు. పెద్దింటివాళ్ళు ఆడుకోవడానికి వస్తే వల అవతల నిలబడి వాళ్ళకు తోడుగా ఆడటం మార్కర్ పని. జీతం తీసుకున్నవాళ్ళకు పోటీల్లో చోటు లేదు. అంటే ఆటే బతుకుదెరువైనవాళ్ళు ఆటలో గెలవడానికి వీల్లేదన్నమాట. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ, వాళ్ళకొక దండం. మగవాళ్ళలో మార్కర్లు చాలామంది ఉండేవారు. ఆడవాళ్ళలో నేను తప్ప ఇంకొకరు నాకెప్పుడూ తగల్లేదు. పల్లెటూరి కాపుల పిల్ల చేతికి రాకెట్ ఎట్లా వచ్చిందని అందరూ అడిగేవారు. నా చేతికి గాజులు లేవు, అందుకని వచ్చింది. ఈ మాట చెబితే నవ్వులాటకు అంటున్నాననుకునేవారు.

మాది గోపాల్‌పేట దగ్గర పల్లె. మెట్ట చేలు, జొన్న, ఆముదం. నాకు ఊహ సరిగా తెలియక ముందే నాగర్‌కర్నూలు అవతల ఒక ఊరి అబ్బాయికిచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళినాడు అడ్డుతెర కింది నుంచి కనిపించిన అతని కాలి బొటనవేలు, దానికి అంటిన పసుపు, అంతే నాకు గుర్తు. కాపురానికి పోకముందే అతను జ్వరంతో పోయాడు. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు, కానీ ఆ ఊరివాళ్ళు వచ్చి మా ఇంటి అరుగు మీద నా గాజులు పగలగొట్టి పోయారు. అప్పటినుంచి మా నాయన సంతకు బయలుదేరే ముందు మా అమ్మ నన్ను దొడ్డి వైపు పొమ్మనేది, నా మొహం ఎదురు రాకూడదని. తిట్టేది కాదు, కొట్టేది కాదు. పిల్లిని తోలినట్టు నెమ్మదిగా తోలేది. అదే నాకు ఎక్కువ నొప్పిగా ఉండేది. చివరికి వనపర్తి దగ్గర ఒక దొరగారి గడీలో వంట చేసే మా చిన్నమ్మ దగ్గరికి నన్ను పంపించేశారు.

ఆ గడీ పేరు రాయను, ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ ఆ వంటిల్లు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందుంది. తెల్లవారకముందే చిన్నమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడు మొదలయ్యేది. ఎండుమిరపకాయలు వేగిన ఘాటు, పల్లీలు మాడిన వాసన, కట్టెల పొగ, అన్నీ కలిసి గోడలకే పట్టుకుని ఉండేవి. పనివాళ్ళందరూ వసారాలో వరసగా కూర్చుని తినేవారు. నేను వంటింటి వెనక రుబ్బురోలు పక్కన తినేదాన్ని. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు వరసలో కూర్చుంటే పక్కనున్న ఆమె ఇస్తరి ఎత్తుకుని జరిగింది, రెండోరోజు నేనే జరిగాను. గడీలో అంతమంది మనుషుల మధ్య, పొద్దంతా నాతో ఒక్కరూ మాట్లాడని రోజులు ఎన్నో గడిచాయి.

దొరగారు ఎక్కువగా హైదరాబాదులోనే ఉండేవారు. అక్కడ ఆడవాళ్ళు కూడా టెన్నిస్ ఆడటం చూసి, తన భార్య కూడా నేర్చుకోవాలని సరదా పుట్టింది. దొరసాని గద్వాల వైపు నుంచి వచ్చిన పిల్ల. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మాటలో అక్కడక్కడ కన్నడం దొర్లేది. కృష్ణకు నీళ్ళొస్తే నది దాటించే పుట్టీలు ఆగిపోయేవి, పుట్టింటివాళ్ళు నెలల తరబడి వచ్చేవారు కాదు. వర్షాకాలమంతా ఆమె మేడ కిటికీ దగ్గర కూర్చుని, అక్కడినుంచి కనపడని నది వైపు చూస్తుండేది. ఆమె కోసం గడీ వెనక ఎర్రమట్టి, పేడ కలిపి అలికించి, సున్నంతో గీతలు గీయించి ఆటస్థలం చేశారు. ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంటపడని ఘోషా ఇల్లు కాబట్టి చుట్టూ గోడల్లా దొరగారి డేరాల గుడ్డ కనాతులు కట్టారు. నడుమ కట్టే వల హైదరాబాదు నుంచి రావడం ఆలస్యమైతే బీచుపల్లి రేవులో చేపలు పట్టేవాళ్ళ చేత అల్లించారు. అసలు వల ఎప్పటికీ రానే లేదు. వానకు తడిసినప్పుడల్లా మా టెన్నిస్ వల చేపల వాసన కొట్టేది.

నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక మిస్సమ్మ వచ్చింది. ఎర్రగా, సన్నగా, ఎప్పుడూ గొడుగు పట్టుకుని ఉండేది. దొరసానితో ఆడటానికి రోజూ ఒక తోడు కావాలంది. గడీలో పనిచేసే ఆడపిల్లలను పిలిపించి, తలా ఒకసారి రాకెట్ ఊపమంది. మొదటి పిల్ల గట్టిగా ఊపింది, కర్ర తగిలి రెండు గాజులు పగిలాయి. ఆ పిల్ల తల్లి పరుగెత్తుకొచ్చింది. "పెనిమిటి ఉన్న పిల్ల చేతిగాజులు పలగ్గొడ్తరా అమ్మా? ఏం ఆట ఇది, ఏం అపశకునం!" అని ఏడుపు అందుకుంది. రెండో పిల్ల భయంతో చెయ్యే ఎత్తలేదు. మూడోదానికి ఇంకా పెళ్ళి కాలేదు, అయినా దాని తల్లి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. గాజులు తీసి ఆడొచ్చుగా అని మిస్సమ్మ అంటే ఆడవాళ్ళందరూ చెవులు మూసుకున్నారు. అప్పుడు దొరసాని వంటింటి గుమ్మంలో నిలబడిన నన్ను చూసింది. నా చేతులు చూసింది.

"ఆ పిల్లకు లేవు గదా గాజులు. ఏం పేరే నీది?"

"చిట్టెమ్మ, దొరసానమ్మా."

"ఇట్ల రా. జర ఊపు సూత్తం."

ఊపాను. గాలి కోసిన చప్పుడు తప్ప ఏమీ పగల్లేదు. "శాబాష్" అంది మిస్సమ్మ. ఏ పనికీ తగదని అందరూ వదిలేసిన నా చేతి బోసితనమే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఏడవాలో నవ్వాలో తెలియక నేను రాకెట్ పిడి వాసన చూశాను. తోలు, చెమట, ఏదో నూనె వాసన. ఇప్పటికీ రాకెట్ చేతికివ్వగానే ముందు వాసన చూస్తాను, క్లబ్బులో పిల్లలు అందుకే నవ్వుతారు.

దొరగారి తల్లి పెద్దదొరసానికి మాత్రం ఇది గొంతులో ముల్లయింది. "పొద్దుగాల లేసి దాని మొకం సూసుడేంది? ఇంటి కోడలు దినాం దాన్ని ఎదురుంగ పెట్టుకోని ఆడుతదా?" అని రెండు రోజులు అన్నం మానింది. చివరికి ఒక ఏర్పాటు చేశారు. రోజూ ఉదయం కనాతు గుమ్మం దగ్గరికి ఆవును తోలుకొచ్చేవారు. దొరసాని ముందు ఆవు మొహం చూసి, దానికి దండం పెట్టి, తర్వాత లోపలికొచ్చి నా మొహం చూడాలి. అట్లా నేను ఆటలో దిగిన ప్రతిరోజూ నాకు ముందు ఒక ఆవు దిగింది. ఆ ఆవుకు కూడా జీతమిచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, అప్పుడు ఆ ఆవు పక్కన తల వంచుకుని నిలబడటం నాకు ఎంత సిగ్గుగా ఉండేదో చెప్పలేను.

దొరసాని ముత్తైదువ, ఆమె గాజులు తీయడానికి లేదు. అందుకని పాత గద్వాల చీర అంచు చించి, గాజుల మీద మెత్తగా చుట్టి కట్టేదాన్ని. ఆడేముందు ఆమె చెయ్యి చాచేది, నేను కట్టేదాన్ని. పెద్దయ్యాక నన్ను ముట్టుకున్న మనుషులు తక్కువ. ఆ మణికట్టు వెచ్చదనం కోసం నేను కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టిన రోజులున్నాయి. ఆమెకు అది తెలుసనుకుంటాను, ఎప్పుడూ తొందర పెట్టేది కాదు. కట్టడం అయ్యాక రోజూ ఒకటే మాట అనేది. "బంతిని సావనియ్యకు చిట్టీ." బంతి ఆగిపోతే ఆట ఆగిపోతుంది, ఆట ఆగిపోతే మేడ మీదికి పోయి అత్తగారి పక్కన కూర్చోవాలి. అందుకని బంతి చావకూడదు. ఆమె నన్ను ఎడమవైపుకీ మూలకీ పరుగెత్తించి, నేను పడుతూ లేస్తూ అందుకుంటుంటే పకపకా నవ్వేది. నేను మాత్రం ఎక్కడినుంచి కొట్టినా బంతి ఆమె కుడిచేతి దగ్గర, నడుమెత్తున, మెత్తగా దిగాలి. ఆమె మొహం చూస్తే ఈసారి ఎట్లాంటి బంతి కావాలో నాకు తెలిసిపోయేది. అలిసిందా, కోపంగా ఉందా, పుట్టింటి మీద దిగులుగా ఉందా, దానికి తగ్గ బంతి పంపేదాన్ని. ఒకరి మొహం చూడటమే నా పని కావడం, నా మొహం ఎవరికీ పనికిరాని ఆ రోజుల్లో, నాకు గొప్ప భాగ్యంగా ఉండేది.

కొన్నేళ్ళు అట్లా గడిచాయి. మిస్సమ్మ హైదరాబాదు వెళ్ళి ఒక ఆడవాళ్ళ క్లబ్బులో చేరింది. యుద్ధం వచ్చింది, బంతులు దొరకడం మానేశాయి. మా బంతులు బోడి అయితే వాటి మీద గొంగడి ముక్కలు కుట్టేదాన్ని. అవి సరిగా లేచేవి కావు, అయినా వాటిని కూడా చావనివ్వలేదు. దొరగారి సరదా తీరిపోయింది, రావడమే తగ్గించారు. కనాతులు పెళ్ళిళ్ళకు పనికొస్తాయి, విప్పించమని పెద్దదొరసాని మొదలుపెట్టింది. అదే సమయంలో నాగర్‌కర్నూలు అవతలి నుంచి నా మరిది కబురు పంపాడు. మా ఇంటి మనిషి మా ఇంట్లో ఉండాలి, పసుల దగ్గర చెయ్యి తక్కువైంది, పంపించమని. పెద్దదొరసాని సరేనంది. నా గాజులు పగలగొట్టి పోయినవాళ్ళు ఇప్పుడు నా చేతుల కోసమే పిలుస్తున్నారు. వంటింట్లో చిన్నమ్మ నా తల నిమిరి, "ఏం జేద్దాం బిడ్డా" అంది. ఆమె చేయగలిగింది లేదు.

ఆ వారంలోనే దేవుడు పంపినట్టు మిస్సమ్మ దొరసానిని చూడటానికి వచ్చింది, ఒక డబ్బా కొత్త బంతులు పట్టుకుని. క్లబ్బులో ఆడవాళ్ళతో ఆడటానికి ఒక ఆడ మార్కర్ కావాలని, చిట్టెమ్మను ఇస్తారా అని అడిగింది. సాయంత్రం దొరసాని నన్ను మేడ మీదికి పిలిచి కిటికీ దగ్గర నిలబెట్టింది.

"పోతవా?"

"మీరెట్లంటె అట్ల, దొరసానమ్మా."

"నేననుడు కాదు. నీకు పోవాల్నని ఉన్నదా?"

నీకేం కావాలని అంతవరకూ నన్నెవరూ అడగలేదు. "ఉన్నది" అన్నాను.

ఆమె నవ్వింది. "నాకు గూడ ఉన్నది. నన్నెవరు తీస్కపోతరే?" అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. "నువ్వు పోతే నాతోని ఎవరాడుతరు?" అని నెమ్మదిగా అంది. అది నన్ను అడిగిన మాట కాదు. నేను మెట్లు దిగాను.

మర్నాడు పొద్దున ఆవు వచ్చింది, దండం అయింది. మిస్సమ్మ గొడుగు కింద కుర్చీలో కూర్చుని, దొరసానిని ఓడించి చూపించమంది. క్లబ్బులో గట్టిగా ఆడే ఆడవాళ్ళున్నారు, ఊరికే తిప్పి పంపే మనిషైతే వాళ్ళకు రెండురోజుల్లో విసుగొస్తుందంది. నాకు కాళ్ళలో బలముంది, ఆమెకంటే వేగంగా పరుగెత్తగలను, ఆ కొత్త బంతులు చేతికి పువ్వుల్లా తేలిగ్గా ఉన్నాయి. గెలవడం ఎంతసేపు అనుకున్నాను. కానీ నా చెయ్యి నా మాట వినలేదు. ఖాళీ చోటు కనపడుతూనే ఉంది. అటే కొట్టాలని గట్టిగా అనుకుని ఊపేదాన్ని. బంతి మాత్రం వెళ్ళి ఆమె కుడిచేతి దగ్గర, నడుమెత్తున, మెత్తగా దిగేది. మళ్ళీ కొట్టేదాన్ని, మళ్ళీ అక్కడే. "ఖాళీ జాగ చూడు చిట్టెమ్మా, ఖాళీ జాగ!" అని మిస్సమ్మ అరుస్తోంది. మరిది ఇంటి పసుల కొట్టం నా కళ్ళ ముందు కదులుతోంది. చెయ్యికేం తెలుసు? దానికి ఇన్నేళ్ళూ ఒకటే నేర్పారు, అది ఒకటే నేర్చుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే ఆమెకు అనువుగా అందించాను.

మిస్సమ్మ విసుగ్గా గొడుగు మూసింది. "ఓడించుడు వద్దు. ఆమెకు అందకుండా ఒక్క బంతి కొట్టు, చాలు. ఒక్కటి. లేకుంటే నేనొక్కదాన్నే పోత" అంది.

అప్పుడు దొరసాని వల దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. చీర అంచు వదులైంది, కట్టమంది. నిజానికి అది వదులు కాలేదు. నేను విప్పి మళ్ళీ కడుతుంటే, నా చెవికి మాత్రమే వినపడేట్టు అంది. "ఇగ నా మొకం సూడకు. బంతిని సూడు. నేను ఈడ లేననుకో."

తన చోటికి వెళ్ళి బంతి ఎత్తి కొట్టింది. రోజూ లాగా ఎడమ మూలకు పోతుందని నేను అటు కాలు వేశాను. అది అటు పోలేదు. నా కుడిచేతి దగ్గర, నడుమెత్తున, మెత్తగా వచ్చి దిగింది. ఆ బంతిని నేను గుర్తుపట్టాను. అది నా బంతి. ఇన్నేళ్ళూ నేను రోజూ ఆమెకు పంపిన బంతి, ఇప్పుడు వల ఇవతలికి, నా చేతికి వచ్చింది. ఆమె కనాతు పక్కన ఒక మూలకు జరిగి, రాకెట్ కిందికి దించి నిలబడి ఉంది. మిగతా స్థలమంతా నా ముందు తెరిచి ఉంది. నేను ఆమె మొహం చూడలేదు. కొట్టాను. బంతి అవతలి కనాతుకు తగిలింది, గుడ్డ ఒకసారి ఉబ్బి తగ్గింది, బంతి సున్నపు గీత దాకా దొర్లి ఆగిపోయింది.

బంతులు ఏరడం ఎప్పుడూ నా పనే. నేను కదిలేలోపు దొరసాని వెళ్ళి వంగి దాన్ని తీసుకుంది. ఆమె బంతి కోసం వంగడం నేను చూడటం అదే మొదటిసారి. దానికంటిన సున్నం కొంగుతో తుడిచి, వల మీదుగా నా అరచేతిలో పెట్టింది. "సచ్చింది చిట్టీ" అంది. నవ్వుతూనే అంది. నవ్వు సగంలో మొహం తిప్పుకుంది.

మిస్సమ్మతో కలిసి కొత్తకోటలో బస్సెక్కాను. ఆ తర్వాత దొరసానిని చూడలేదు. నేను బయలుదేరిన వారానికే కనాతులు విప్పారని, ఆ స్థలంలో గడ్డివాములు వేశారని చిన్నమ్మ ఒకసారి హైదరాబాదు వచ్చినప్పుడు చెప్పింది. దొరసాని ఎట్లుందంటే, "కిటికీ కాడ కూసుంటది" అంది. ఆ చేతికి గుడ్డ కట్టే పని ఇంక ఎవరికీ పడలేదు. నేను క్లబ్బులో కలెక్టర్ల భార్యలకు, నవాబుల కూతుళ్ళకు, తర్వాత వాళ్ళ పిల్లలకు బంతులు అందించాను. అక్కడ నా ముందు ఆవును నిలబెట్టలేదు. నన్ను పేరు పెట్టి పిలిచారు, టీ ఇచ్చారు. కానీ నాతో ఆడినవాళ్ళందరూ గెలవడానికో, నేర్చుకోవడానికో ఆడారు. అది తప్పు కాదు, దానికే నాకు జీతం. సాయంత్రం గదికి వచ్చి నా కోసం ఒక్క గ్లాసు నీళ్ళు ముంచుకుని తాగేటప్పుడు, ఈ ఊళ్ళో నా ముడి కోసం చెయ్యి చాచే మనిషి లేదు కదా అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది. ఇప్పటి ఆడపిల్లలు గాజుల్లేకుండా హాయిగా ఆడుతున్నారు, వాళ్ళ బోసి చేతులు చూసి ఎవరూ చెవులు మూసుకోరు. మణికట్టుకు చెమట పట్టీలు వేసుకుంటున్నారు. ఎవరికి వాళ్ళే వేసుకుంటారు, ఇంకొకరు కట్టక్కర్లేదు. మంచి రోజులు. వాళ్ళను చూసి నాకు సంతోషమే, కళ్ళు మాత్రం ఆ పట్టీల మీదే ఉంటాయి.

ఆ యంత్రం కూడా బంతులు బాగానే వేస్తుంది. ఎదుటి మనిషి మొహం చూడదు, అంతే తేడా. రేపు స్వాతికి ఫోన్ చేసి, ఆ రోజు నీకు తప్పు చెప్పానమ్మా అనాలి. నాకూ ఒకరు బంతి అందించారు. జీవితం మొత్తంలో ఒకే ఒక్కటి, అదీ తనను వదిలి నేను వెళ్ళిపోవడానికి.